గుమాస్తాల విద్య

వర్తకుల దారి: 9వ భాగం

గత వారం షాంపేన్ సంతల దగ్గర ఆగాం. ట్రాయ్, ప్రొవాన్ వంటి ఊళ్ళలో ఏడాది పొడుగునా ఒకదాని వెంట ఒకటిగా జరిగే ఆ సంతలకు ఇటలీ వర్తకులు ఆల్ప్స్ కొండలు దాటి, సరుకు వెంట తామే వచ్చేవారని చెప్పుకున్నాం. 13వ శతాబ్దం చివరికొచ్చేసరికి ఆ తీరు మారింది. ఫ్లోరెన్స్, సియెనా షావుకార్లు ఇంటిపట్టున కూర్చున్నారు. తిరుగుళ్ళన్నీ భాగస్తులవీ, గుమాస్తాలవీ అయ్యాయి. ఉన్ని ఇంగ్లండులో కొనాలి, బట్ట ఫ్లాండర్స్ నుంచి రావాలి, ధాన్యం సిసిలీలో ఓడకెక్కాలి. యజమాని మాత్రం ఫ్లోరెన్స్‌లో ఆర్నో నది ఒడ్డున తన కొట్టు వదిలి కదలడు.

సొమ్ము కళ్ళెదుట ఉన్నంత కాలం లెక్క పెద్ద సమస్య కాదు. పెట్టె తెరిచి చూసుకుంటే చాలు. ఆ సొమ్ము పది ఊళ్ళకు పంచుకుపోయి, సగం సరుకుగా, పావు బాకీలుగా, మిగిలింది హుండీలుగా మారిపోయినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. నా డబ్బు ఎక్కడుంది? అందులో లాభమెంత, అసలెంత? దూరదేశంలో ఉన్న గుమాస్తా నిజమే చెబుతున్నాడా? షావుకారు అడిగే ఈ ప్రశ్నలకు గుమాస్తా జవాబు చెప్పుకోవాలి. జంట పద్దు విధానం ఆ జవాబుదారీలోంచి పుట్టింది. ఏ పండితుడో ఒకనాడు కూర్చుని కనిపెట్టింది కాదు. 1494లో వెనీస్‌లో లూకా పాచోలి అనే సన్యాసి దాన్ని కనిపెట్టాడని ఇప్పటికీ చాలా చోట్ల రాస్తుంటారు. ఆయన ఆ మాట ఎన్నడూ అనలేదు. ఆయన పుస్తకం అచ్చయ్యేనాటికి ఆ విద్యకు దాదాపు 200 ఏళ్ళ వయసుంది.

ఇటలీలో మిగిలిన లెక్కల పుస్తకాల్లోకెల్లా పాతవి 1211 నాటివి. ఫ్లోరెన్స్ వడ్డీ వ్యాపారులు బొలోన్యా సంతలో రాసుకున్న పద్దులవి. ఎవరో ఆ చర్మపత్రాలను పనికిరానివనుకుని వేరే గ్రంథానికి అట్టగా వేసి కుట్టేశారు. అందుకే బతికాయి. వాటిలో ప్రతి పద్దూ ఒక మనిషిది. ఫలానావాడు మనకింత ఇవ్వాలి, ఫలానా తేదీకి ఇవ్వాలి, ఇందుకు సాక్షులు వీళ్ళు. కింద కొంత చోటు వదిలి, బాకీ తీరినప్పుడు ఆ చోటులో తీరిందని రాసేవారు. ఒకరి బాకీ మరొకరి మీదికి మార్చినప్పుడు రెండు చోట్లా ఆ సంగతి కనిపిస్తుంది. ఇది ఇంకా జంట పద్దు కాదు. బాకీదార్ల పట్టీ మాత్రమే. కానీ ఒక పద్దులో రాసిన మాట ఇంకో పద్దుకు దారి చూపించాలన్న ఆలోచన అప్పటికే ఆ చేతుల్లో ఉంది.

ఆ పట్టీ నుంచి జంట పద్దు దాకా రావాలంటే ఒక పెద్ద గెంతు వెయ్యాలి. మనుషులకు ఖాతా తెరవడం సహజం. నగదుకు ఖాతా తెరవడం, ఉన్నికి ఖాతా తెరవడం, ఇంటద్దెకు ఖాతా తెరవడం సహజం కాదు. ఉన్ని ఎవరికి బాకీ ఉంటుంది? అయినా ఆ గుమాస్తాలు నగదు పెట్టెనూ, మిరియాల బస్తానూ కూడా మనుషుల్లాగే లెక్కలో కూర్చోబెట్టారు. బట్ట అరువుకు అమ్మితే కొన్నవాడి ఖాతాలో వాడు ఇవ్వాల్సింది రాస్తారు, బట్ట ఖాతాలో అంతే మొత్తం బయటికి పోయిందని రాస్తారు. వాడు డబ్బు చెల్లించిన రోజున వాడి ఖాతా సరి అవుతుంది, నగదు ఖాతా ఆ మేరకు బరువెక్కుతుంది. జరిగిన ప్రతి వ్యవహారమూ రెండు చోట్ల, ఒకే మొత్తంతో, ఎదురెదురు వైపుల్లో పడుతుంది. ఒక వైపు పేరు డెబిట్, ఎదుటి వైపు పేరు క్రెడిట్. అన్ని ఖాతాల డెబిట్లూ ఒకవైపు, క్రెడిట్లూ ఒకవైపు కూడితే రెండూ సమానం కావాలి. కాలేదంటే ఎక్కడో తప్పు దొర్లింది, లేదా ఎవరో తప్పు చేశారు.

ఇక ఆఖరి మెట్టు అన్నిటికన్నా విచిత్రమైనది. యజమానికే ఖాతా తెరవడం. వ్యాపారం వేరు, యజమాని వేరు. అతను పెట్టిన పెట్టుబడి వ్యాపారం అతనికి పడ్డ బాకీ. లాభం వస్తే ఆ బాకీ పెరుగుతుంది, నష్టం వస్తే తరుగుతుంది. సొంత కొట్టులో తనను తాను అప్పిచ్చినవాడిగా చూసుకోవడం ఆ కాలపు షావుకారుకు ఎంత కొత్తగా అనిపించి ఉంటుందో ఊహించండి. భాగస్తులు ఒకరికి ఇద్దరు, ఇద్దరికి నలుగురు అయిన ఫ్లోరెన్స్ కంపెనీల్లో ఇది తప్పనిసరి అయింది. ఎవరి వాటా ఎంతో ఏటా తేల్చాలంటే వాటాదారు కూడా పుస్తకంలో ఒక పేరుగా ఉండాల్సిందే.

ఈ ముక్కలన్నీ ఒకచోట చేరిన పుస్తకాల్లో మనకు దొరికిన అతి పాతది ఇటలీలో రాసింది కాదు. దక్షిణ ఫ్రాన్సులో ప్రోవాన్స్ ప్రాంతంలో సలోన్ అనే ఊరుంది. జొవాన్ని ఫరోల్ఫి అనే ఫ్లోరెన్స్ షావుకారు కంపెనీకి అక్కడో శాఖ ఉండేది. 1299, 1300 సంవత్సరాల ఆవర్జా, అంటే ఖాతాల పుస్తకం, ఒకటి ఆ శాఖది మిగిలింది, అది కూడా పూర్తిగా కాదు. రాసినవాడు అమాతీనో మనూచ్చి. ఇతను ఎలా ఉండేవాడో, ఎక్కడ చదువుకున్నాడో చెప్పే చిత్రమూ లేదు, జీవిత చరిత్రా లేదు. చేతిరాత ఉంది. ధాన్యం, బట్ట, ద్రాక్షసారా వర్తకం, ఆర్ల్ ఆర్చిబిషప్పుకిచ్చిన పెద్ద పెద్ద అప్పులు, అన్నీ ఆ చేతిరాతలోనే మన దాకా వచ్చాయి.

ఆ పుస్తకంలో ఒక చిన్న పద్దు దగ్గర కాసేపు ఆగుదాం. సలోన్‌లో కంపెనీ ఉన్న ఇంటికి నాలుగేళ్ళ అద్దె ఒకేసారి ముందుగా కట్టారు. అప్పటి ఫ్రెంచి డబ్బులో మొత్తం 16 లీవ్రలు. మామూలు గుమాస్తా అయితే 16 లీవ్రలు ఖర్చు అని రాసి ఊరుకుంటాడు. మనూచ్చి అలా రాయలేదు. ఏడాది గడిచాక 4 లీవ్రలను మాత్రమే ఆ ఏటి ఖర్చులోకి మార్చాడు. మిగిలిన 12 లీవ్రలను ఇంకా ఖర్చు కాని సొమ్ముగా ముందుకు తీసుకెళ్ళాడు. ఆ ఇంట్లో ఇంకా మూడేళ్ళు ఉండబోతున్నారు కాబట్టి ఆ 12 లీవ్రలు పోయిన డబ్బు కాదు, రావాల్సిన ప్రయోజనం. ముందుగా చెల్లించిన అద్దెను ఆస్తి అప్పుల పట్టీలో ఆస్తి వైపు చూపించాలని ఇవాళ ఇంటర్మీడియట్ కామర్స్ విద్యార్థి నేర్చుకునే సర్దుబాటు ఇదే. ఒక ఏడాది లాభనష్టాలను ఆ ఏడాదికే కట్టాలన్న స్పష్టత లేనివాడికి ఇది తట్టదు. నా మటుకు నాకు, ఈ విద్య చరిత్రలో ఈ 4 లీవ్రల పద్దును మించిన పద్దు లేదు.

మనూచ్చి అంకెలన్నీ రోమన్ అక్షరాల్లోనే రాశాడు. మన దేశంలో పుట్టి అరబ్బుల ద్వారా వెళ్ళిన అంకెల గురించి పీసా నగరవాసి లియొనార్దో, మనకు తెలిసిన పేరుతో ఫిబొనాచి, 1202లోనే పెద్ద గ్రంథం రాశాడు. అయినా 1299లో ఫ్లోరెన్స్ వడ్డీ వ్యాపారుల సంఘం ఆ అంకెలను లెక్కల పుస్తకాల్లో వాడకూడదని కట్టడి చేసింది. ఒక గీత కలిపితే అంకె మారిపోతుందన్న భయం అందుకు ఒక కారణమని చెబుతారు. జంట పద్దు మన సున్నా వల్లే సాధ్యమైందని కొందరు గర్వంగా రాస్తారు. అది సరికాదు. స్థాన విలువ లేని అంకెలతోనే జంట పద్దు నడకలు నేర్చింది. మన వైపు నుంచి చూస్తే ఆసక్తికరమైన సంగతి వేరే ఉంది. 7వ శతాబ్దంలోనే బ్రహ్మగుప్తుడు ధనం, ఋణం అని సంఖ్యలను విడదీసి వాటి కూడికకూ గుణకారానికీ నియమాలు చెప్పాడు. ఐరోపా గణితం ఋణ సంఖ్యను శతాబ్దాల పాటు అనుమానంగానే చూసింది. అయితే అక్కడి గుమాస్తాలు ఋణ సంఖ్య అవసరం రాకుండానే పని నడుపుకున్నారు. తీసివేయాల్సినదాన్ని తీసివేయకుండా ఎదుటి వైపున రాసి, చివర్లో రెండు వైపులా కూడి తేడా పట్టుకున్నారు.

ఫ్లోరెన్స్ వాళ్ళ తొలి పుస్తకాల్లో డెబిట్ పైన, క్రెడిట్ దాని కింద ఉండేవి. రెండింటినీ పక్కపక్కన పెట్టిన పాత ఉదాహరణ జెనోవా నగర ఖజానా పుస్తకం, 1340 నాటిది. ఇది ఏ వ్యాపారిదో కాదు, నగర ప్రభుత్వానిది. నగర లెక్కల్లో మోసాలు పెరిగాయని 1327లోనే ఖజానా పుస్తకాలను బ్యాంకుల పద్ధతిలో రాయాలని జెనోవా ఉత్తర్వు చేసింది. ఆ పుస్తకంలో మిరియాలకో ఖాతా ఉంది. నగరం మిరియాలు కొంది, అమ్మింది, నష్టపోయింది. నష్టాన్ని మిరియాల ఖాతాలో దాచిపెట్టకుండా, అమ్మిన సరుకుల మీద వచ్చిన నష్టాలకని తెరిచిన వేరే ఖాతాలోకి మార్చి ఖాతా మూసేశారు. నగర ప్రభుత్వానికి మిరియాల వ్యాపారమెందుకు? పన్నులు వసూలయ్యే లోపు డబ్బు కావాలి. సరుకు అరువుకు కొని, వెంటనే తక్కువ ధరకైనా నగదుకు అమ్మేస్తే చేతిలోకి రొఖ్ఖం వస్తుంది. పోయిన తేడా వడ్డీ అనుకోవాలి. వడ్డీని చర్చి పాపమన్న కాలంలో ఇదొక దారి అని చరిత్రకారులు అంటారు. మలబారు తీరంలో కోసిన మిరియాలు ఇలా జెనోవా ఖజానాకు అప్పు పుట్టించే సాధనమయ్యాయి.

ప్రాతో పట్టణపు వర్తకుడు ఫ్రాంచెస్కో దతీని గురించి చెప్పకుండా ఈ కథ ముందుకు పోదు. 1348 ప్లేగు మహమ్మారిలో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న కుర్రవాడు. పోపులు కాపురమున్న అవిన్యాన్ నగరానికి పదిహేనేళ్ళ ప్రాయంలో వెళ్ళి, కవచాలు, ఆయుధాల వ్యాపారంతో పైకొచ్చాడు. 1383లో సొంతూరికి తిరిగొచ్చి, పీసా, ఫ్లోరెన్స్, జెనోవా, బార్సెలోనా, వలెన్సియా, మయోర్కాల్లో కంపెనీలు నడిపాడు. ఇతని తొలినాళ్ళ పుస్తకాలు మామూలు ఒంటి పద్దులే. శాఖలు పెరిగే కొద్దీ జంట పద్దుకు మారాడు. లెక్కల పుస్తకాల మొదటి పేజీలో దేవుడి పేరునూ లాభం పేరునూ ఒకే వరుసలో పక్కపక్కన రాయించేవాడు. ఉత్తరాలు రాయడం, రాయించడం, రాయని గుమాస్తాలను తిట్టడం ఆయన దినచర్య. 1410లో పోయేటప్పుడు, భార్య వల్ల పిల్లలు కలగని ఆ వర్తకుడు దాదాపు 70,000 ఫ్లోరిన్ల ఆస్తిని ప్రాతో పేదల కోసం ధర్మసంస్థకు రాసిచ్చి, తన కాగితాలను ఇంట్లోనే భద్రపరచాలని ఆదేశించాడు. 1870లో ఆ ఇంటి మెట్ల కింద అవి బయటపడ్డాయి. లక్షా 50 వేల దాకా ఉత్తరాలు, 500కు పైగా లెక్కల పుస్తకాలు! మధ్యయుగపు వర్తకుడి మనసు ఇంత విప్పారి కనిపించే చోటు మరొకటి లేదు.

వెనీస్ ఆలస్యంగా వచ్చినా ఈ విద్యకు తుది మెరుగు పెట్టింది. ఎడమ పేజీ డెబిట్, కుడి పేజీ క్రెడిట్. చిట్టా వేరు, ఆవర్జా వేరు. జాకొమో బదోయెర్ అనే వెనీస్ వర్తకుడు 1436 నుంచి 1440 దాకా కాన్‌స్టాంటినోపుల్‌లో వర్తకం చేస్తూ రాసిన ఆవర్జా ఇవాళ్టికీ ఉంది. ఈసారి అంకెలు మన అంకెలే. గ్రీకులు, తురుష్కులు, యూదులు, ఇటలీవాళ్ళు ఆ పేజీల్లో ఒకరికొకరు బాకీదార్లుగా కనిపిస్తారు. ఆ తర్వాత పదమూడేళ్ళకు, 1453లో, ఆ నగరం ఒట్టోమన్ల వశమైంది. రాగూసా నగరం నుంచి నేపుల్స్‌కు చేరిన బెనెదెత్తో కొత్రూల్యి 1458లో వర్తక కళ మీద ఒక పుస్తకం రాసి అందులో జంట పద్దుకో అధ్యాయం కేటాయించాడు. అది అచ్చుకెక్కింది 1573లో. ఆ ఆలస్యమే అతని కీర్తికి అడ్డుపడింది.

ఆ కీర్తి లూకా పాచోలికి దక్కింది. ఆయన పుట్టింది 1447 ప్రాంతంలో, టస్కనీలోని సాన్‌సెపోల్క్రోలో. చిత్రకారుడు పియెరో దెల్లా ఫ్రాంచెస్కాదీ అదే ఊరు. యవ్వనంలో వెనీస్ చేరి, జూదెక్కా దీవిలో ఉండే అంతోనియో రొంపియాసి అనే వర్తకుడి కొడుకులకు లెక్కలు చెప్పాడు. పుస్తకాల గణితంతో పాటు కొట్టులోని గణితాన్నీ ఆయన ఆ రోజుల్లోనే నేర్చాడన్నమాట. తర్వాత ఫ్రాన్సిస్కన్ సన్యాసం పుచ్చుకున్నాడు, పెరూజా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. 1494 నవంబరులో వెనీస్‌లో పగనీనో దె పగనీని ముద్రణాలయం నుంచి ఆయన మహాగ్రంథం ‘సుమ్మా’ వెలువడింది. సుమారు 600 పేజీల అంకగణితం, బీజగణితం, రేఖాగణితం. అందులో లెక్కల పుస్తకాల గురించిన భాగం 27 పేజీలే, 36 చిన్న అధ్యాయాలు. అదీ పండితుల లాటిన్‌లో కాకుండా, వర్తకులు మాట్లాడే ఇటాలియన్‌లో రాశాడు. వెనీస్ పద్ధతే అన్నిటికన్నా మేలైందని, అందుకే దాన్నే చెబుతున్నానని మొదట్లోనే ఒప్పుకున్నాడు.

ఆయన పాఠం ఆస్తి పట్టీతో మొదలవుతుంది. 1493 నవంబరు 8 తేదీ వేసి, వెనీస్‌లోని ఒక వర్తకుడి ఆస్తిని నమూనాగా రాసి చూపిస్తాడు. ముందు నగదు, తర్వాత రత్నాలు, వెండి, బట్టలు, పరుపులు. ఆ వెనుక అల్లం పెట్టెలు, మిరియాల బస్తాలు, దాల్చిన చెక్క, లవంగాలు, గంధపు చెక్క. ఇల్లు, పొలాలు, నగరానికిచ్చిన అప్పులు, రావాల్సిన బాకీలు. పోగొట్టుకోవడానికి తేలికైనవి ముందు రాయమంటాడు. ఆ పట్టీలోని సుగంధ ద్రవ్యాల్లో చాలావరకు మన సముద్రాల మీదుగా అలెగ్జాండ్రియా చేరి, అక్కడి నుంచి వెనీస్‌కు వెళ్ళినవే. పుస్తకం అచ్చయిన నాలుగేళ్ళకే వాస్కోడగామా కాలికట్ తీరానికొచ్చి ఆ దారినే తిప్పేశాడు. అది వేరే కథ.

వర్తకుడికి మూడు పుస్తకాలుండాలంటాడు పాచోలి. మొదటిది కచ్చా పుస్తకం. జరిగింది జరిగినట్టు, వచ్చిన నాణేల పేర్లతో సహా అందులో పడాలి. యజమాని లేకపోతే గుమాస్తా, అతనూ లేకపోతే ఇంట్లో ఆడవాళ్ళైనా రాయొచ్చు. రెండోది చిట్టా. కచ్చా పుస్తకంలోని ప్రతి వ్యవహారాన్నీ ఎవరికి డెబిట్, ఎవరికి క్రెడిట్ అని విడగొట్టి, ఒకే రకం నాణెంలోకి మార్చి రాయాలి. మూడోది ఆవర్జా. చిట్టాలోని పద్దును ఆవర్జాలో డెబిట్ వైపు ఎక్కించగానే చిట్టా పద్దు మీద ఒక గీత గీయాలి. క్రెడిట్ వైపు కూడా ఎక్కించాక రెండో గీత. ఒక్క గీతే ఉన్న పద్దు కనిపించిందా, పని సగంలో ఆగిపోయిందన్నమాట. అర్ధరాత్రి కొవ్వొత్తి వెలుగులో కళ్ళు మూతలు పడుతున్న గుమాస్తా కూడా ఎక్కడ ఆగాడో మర్నాడు చూడగానే తెలుసుకోగలడు. ఇలాంటి కిటుకు కాగితం మీద సిద్ధాంతం చేసేవాడికి తోచదు. పుస్తకాలు రాసి రాసి వేళ్ళు కాయలు కాచినవాళ్ళు కనిపెట్టినది, పాచోలి వాళ్ళ దగ్గర చూసి రాసినది.

పాచోలి ఇతరుల సరుకును తన పేరుతో అమ్ముకున్నాడన్న నింద ఆయన పోయాక వచ్చింది. పియెరో దెల్లా ఫ్రాంచెస్కా గణితాన్ని కాజేశాడని చిత్రకారుల చరిత్ర రాసిన వసారి దుయ్యబట్టాడు. ఆ నిందలో నిజం లేకపోలేదు. లెక్కల పుస్తకాల విషయంలో మాత్రం నేను ఆయన పక్షమే. అప్పటిదాకా ఈ విద్య నేర్చుకోవాలంటే ఏదో ఒక కొట్టులో చేరి పెద్ద గుమాస్తా చేతి కింద ఏళ్ళ తరబడి పడి ఉండాలి. పాచోలి దాన్ని డబ్బు పెట్టి కొనుక్కోగలిగే పుస్తకం చేశాడు. లియొనార్దో దావించి అంతటివాడు మిలాన్‌లో 119 సోల్దీలు పెట్టి ఈ పుస్తకం కొన్నట్టు తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత పాచోలి స్వయంగా మిలాన్ వచ్చి అతనికి స్నేహితుడూ గురువూ అయ్యాడు, అతని చేత తన మరో గ్రంథానికి బొమ్మలు గీయించుకున్నాడు.

జంట పద్దు లేకపోతే పెట్టుబడిదారీ వ్యవస్థే పుట్టేది కాదని 20వ శతాబ్దం మొదట్లో వెర్నర్ జోంబార్ట్ అనే జర్మన్ పండితుడు వాదించాడు. పుస్తకాలను స్వయంగా తిరగేసిన చరిత్రకారులు దీన్ని ఒప్పుకోలేదు. వెనీస్ వర్తకుల్లో చాలామంది ఏటా లెక్క తేల్చనే లేదు. పుస్తకం నిండినప్పుడో, భాగస్తుడు విడిపోయినప్పుడో, యజమాని పోయినప్పుడో అంకణా, అంటే డెబిట్, క్రెడిట్ మొత్తాలను సరిచూసే పట్టీ, వేసేవారు. పైగా రెండు వైపులా సరిపోయినంత మాత్రాన లెక్క నిజమని కాదు. రాని బాకీని వస్తుందని రాసినా, జరగని అమ్మకాన్ని జరిగిందని రాసినా డెబిట్, క్రెడిట్ చక్కగా సరిపోతాయి. ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డుకు అప్పులిచ్చి 1340లలో కుప్పకూలిన ఫ్లోరెన్స్ కంపెనీలు బార్ది, పెరూజ్జి. వాటి దగ్గరా మంచి లెక్కగాళ్ళే ఉన్నారు. రాజు బాకీ ఎగ్గొడతాడని ఏ ఆవర్జా చెప్పగలదు? ఈ పద్ధతి తప్పును పట్టిస్తుంది, మరపును పట్టిస్తుంది, చిల్లర దొంగతనాన్ని పట్టిస్తుంది. పెద్ద అబద్ధాన్ని పట్టుకోవడానికి మనిషే కావాలి.

పాచోలి 1517లో కన్నుమూశాడు. 1540లో వెనీస్‌లోనే దొమేనికో మన్జోని చిట్టా, ఆవర్జా నమూనాలు నింపి చూపిస్తూ తేలికైన పుస్తకం అచ్చేశాడు. 1543లో ఆంట్వెర్ప్‌లో యాన్ యింపిన్ రాసిన పుస్తకం వచ్చింది. అప్పటికి అతను లేడు, భార్య పూనుకుని అచ్చు వేయించింది. అదే ఏడు లండన్‌లో హ్యూ ఓల్డ్‌కాసిల్ పుస్తకం. అక్కడి నుంచి డచ్చి వర్తకుల చేతికీ, వాళ్ళ ఈస్టిండియా కంపెనీ చేతికీ ఈ విద్య చేరింది. 17వ శతాబ్దం మొదటి దశకంలోనే ఆ కంపెనీ గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో కోఠీ తెరిచింది. చిట్టా, ఆవర్జాలతో మన తీరం మీద దిగిన ఆ గుమాస్తాల సంగతి వచ్చే వారం.

అంతవరకు కామర్స్ పాఠాలు చెప్పే మాస్టార్లకు ఒక విన్నపం. జంట పద్దు పాఠం మొదలుపెట్టే రోజున పాచోలి పేరు చెప్పండి, తప్పకుండా చెప్పాలి. దానితోపాటు అమాతీనో మనూచ్చి పేరు కూడా బోర్డు మీద రాసి, 16 లీవ్రల అద్దెలో 4 లీవ్రలనే అతను ఎందుకు ఖర్చు రాశాడో పిల్లల చేత చెప్పించండి.